నిప్పురవ్వకు ఎంత బలం కావాలి?

(మోటార్‌సైకిల్ నిర్వహణ నేర్చుకుంటున్నవారి సమావేశంలో ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. ఈ బండి ఇప్పుడే రోడ్డు మీద నుంచి వచ్చింది. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. మీలో ఒకరిద్దరు అప్పుడే స్పార్క్ ప్లగ్, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్, విప్పే పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, చూశాను. దాన్ని కాసేపు కింద పెట్టండి. ఇంజిన్ హెడ్ అల్యూమినియంతో చేసింది, ప్లగ్ ఒళ్లు ఉక్కు. వేడికి రెండూ ఒకే తీరున వ్యాకోచించవు. కాలుతున్న హెడ్ నుంచి ప్లగ్‌ను బలవంతంగా తిప్పితే మెత్తని అల్యూమినియం మరలు ఉక్కుకు అంటుకుని ఊడి వస్తాయి. వేలెడంత ప్లగ్ మార్చబోయి హెడ్ మొత్తం దించాల్సి వస్తుంది. అందుకని ఇది చల్లారేదాకా మాట్లాడుకుందాం. ప్రసంగం ఎంతసేపు అని నిర్వాహకులు అడిగితే, ఇంజిన్ చల్లారేంతసేపు అన్నాను. (నవ్వులు)

బండి యజమాని ముందు వరుసలోనే ఉన్నారు. ఆయన చెప్పిన బాధ ఇది. మంచు కురిసిన ఉదయాల్లో, వాన పడ్డప్పుడు బండి నత్తినత్తిగా నడుస్తోంది. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ముందుకు దూకాల్సింది పోయి ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఉంటోంది. చదునైన రోడ్డు మీద నింపాదిగా వెళితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. రోగంతో పాటు మందు కూడా ఆయనే తెచ్చుకున్నారు. ఒక ఇరిడియం ప్లగ్, డబ్బా మీద ‘అధిక శక్తి’ అని రాసి ఉన్న ఒక కాయిల్, అంటే ప్లగ్‌కు వేల వోల్టులు అందించే తీగచుట్ట. రెండూ ఇంకా తెరవలేదు. వాటిని ఈ బల్ల మీద అందరికీ కనబడేలా పెడుతున్నాను. తెరవాలో వద్దో చివర్లో చూద్దాం.

ముందు నిప్పురవ్వ చేసే పని ఏమిటో తేల్చుకోవాలి. సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు కలిసి వచ్చాయి. పిస్టన్ పైకి వచ్చి ఆ మిశ్రమాన్ని నొక్కింది. ఇప్పుడు దానికి ఒకచోట నిప్పు అంటించాలి. రవ్వ పని అంతవరకే. అక్కడి నుంచి మంట తనంతట తానే పాకుతుంది. బండిని లాగే శక్తి పెట్రోలులో ఉంది, రవ్వలో లేదు. రవ్వ శక్తిని లెక్కగడితే కొన్ని పదుల మిల్లీజౌళ్లకు మించదు. దీపాన్ని అగ్గిపుల్లతో వెలిగించినా, కాగడా తెచ్చి వెలిగించినా వెలుగు ఒక్కటే. ఆ వెలుగు నూనెది, ఒత్తిది. అగ్గిపుల్లలు తడిసిపోయి, నాలుగు గీస్తే ఒకటి మాత్రమే మండుతోందనుకోండి, అప్పుడు కథ వేరు. అప్పుడు మంచి అగ్గిపెట్టె కావాలి. దాని వల్ల దీపం రెట్టింపు వెలగదు, వెలగకుండా పోయే గీతలు మాత్రం ఉండవు. ఇగ్నిషన్ మెరుగుపరచడం గురించి నేను నమ్మేది ఇదే. తప్పిపోతున్న రవ్వలను తప్పకుండా చేసేది మెరుగుదల. ఏ రవ్వా తప్పని బండికి ఇంకా పెద్ద రవ్వ ఇవ్వడం అలంకారం. అలంకారం తప్పని నేను అనను, నా బండికి కూడా కొన్ని ఉన్నాయి. (నవ్వులు) కాకపోతే దాన్ని శక్తి అని పిలవకూడదు.

పని చిన్నదే కానీ తీరిక లేనిది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 50 సార్లు పేలుడు జరగాలి. ఆ వేగంలో ఒక్క మిల్లీసెకనుకు క్రాంక్ 36 డిగ్రీలు తిరుగుతుంది. మంట పాకడానికి పట్టే సమయం కూడా మిల్లీసెకన్లలోనే ఉంటుంది కాబట్టి, పిస్టన్ పైకి చేరేదాకా ఆగి రవ్వ వేస్తే ఆలస్యమైపోతుంది. అందుకే రవ్వ ముందుగా పడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుకు జరుగుతుంది. దీన్నే అడ్వాన్స్ అంటాం. రవ్వ ఎంత పెద్దది అన్నదాని కంటే ఎప్పుడు పడింది అన్నదానికే ఇంజిన్ ఎక్కువ విలువ ఇస్తుంది.

ఇక వోల్టేజి దగ్గరికి వద్దాం. ఆ కాయిల్ డబ్బా మీద ఏమి రాసి ఉందో చదవండి. అరవై వేల వోల్టులా? బాగుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక చెరువును ఊహించుకోండి. చెరువుకు గట్టు ఉంటుంది, అలుగు ఉంటుంది. కాలువలో ఎంత వరద వచ్చినా నీటిమట్టం ఎంతవరకు పెరుగుతుంది? అలుగు దాకా. అలుగు అందగానే నీరు పొర్లిపోతుంది, మట్టం అక్కడే ఆగుతుంది. ప్లగ్ గ్యాప్, అంటే ప్లగ్ మూతి దగ్గర రెండు ఎలక్ట్రోడ్ల మధ్య రవ్వ దూకే ఖాళీ, మన అలుగు. కాయిల్‌లో వోల్టేజి సున్నా నుంచి పెరుగుతూ వస్తుంది. గ్యాప్‌లో ఉన్న గాలి తెగిపోయే మట్టం రాగానే రవ్వ దూకుతుంది, వోల్టేజి పెరగడం అక్కడితో ఆగిపోతుంది. మీ బండి గ్యాప్ పదిహేను వేల వోల్టులకు తెగిపోతుంటే, అరవై వేలు ఇవ్వగల కాయిల్ పెట్టినా అది ఇచ్చేది ఆ పదిహేను వేలే. డబ్బా మీది అంకె గట్టు ఎత్తు మాత్రమే.

మరి అలుగు ఎత్తును నిర్ణయించేది ఏది? గ్యాప్ ఎంత ఉంది, ఆ గ్యాప్‌లో గాలి ఎంత ఒత్తిడిలో ఉంది అన్నవి ముఖ్యం. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లోనే ఈ సంబంధాన్ని ప్రకటించాడు. గ్యాప్ పెరిగితే ఎక్కువ వోల్టేజి కావాలి, ఒత్తిడి పెరిగినా ఎక్కువ కావాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు సిలిండర్ నిండా మిశ్రమం వస్తుంది, పిస్టన్ నొక్కితే ఒత్తిడి బాగా పెరుగుతుంది, అలుగు ఎత్తు లేస్తుంది. నింపాదిగా వెళ్తున్నప్పుడు సిలిండర్ సగం ఖాళీ కాబట్టి అలుగు కిందే ఉంటుంది. ఇప్పుడు మన మిత్రుడి బాధ మళ్లీ గుర్తు చేసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు? అలుగు లేచింది, నీరు ఇంకా పైకి రావాల్సి వచ్చింది, గట్టులో ఎక్కడో బలహీనంగా ఉన్నచోట గండి పడింది. గట్టు అంటే ప్లగ్ తీగ మీది రబ్బరు, ప్లగ్ క్యాప్, పింగాణీ. నీరు పొలానికి పోకుండా గండిలో పడి పోతోంది. మంచు, వాన అన్నారు కదా, తేమ గట్టును ఇంకాస్త నాననిస్తుంది. నేనింకా పానా పట్టలేదు, అప్పుడే తీర్పు చెప్పడం నా అలవాటు కాదు. అనుమానం మాత్రం చెబుతున్నాను.

ఇక్కడే ఇంకో మాట. ప్లగ్ విప్పి, హెడ్‌కు ఆనించి, కిక్కు కొట్టి రవ్వ చూసి ‘కరెంటు బ్రహ్మాండంగా ఉంది’ అని తీర్మానించేవాళ్లను చాలామందిని చూశాను. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. బయట ఉన్నది మామూలు గాలి, ఒత్తిడి లేదు, అలుగు నేల మీదే ఉంది. అక్కడ రవ్వ వచ్చినంత మాత్రాన లోపల, ఒత్తిడిలో వస్తుందని హామీ లేదు. అందుకే బయట పరీక్షించేటప్పుడు ఆరేడు మిల్లీమీటర్ల గ్యాప్ ఉన్న పరీక్ష పరికరం వాడాలి. ప్లగ్‌కూ హెడ్‌కూ ఎర్త్ సరిగా తగలకుండా, తీగను గాలిలో వదిలేసి మాత్రం కిక్కు కొట్టకండి. అలుగు మూసేసిన చెరువులా వోల్టేజి ఎటూ పోలేక కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుంటుంది. కాయిల్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, సీడీఐ అంటాం, అది కూడా దెబ్బతినవచ్చు.

సరే, ప్లగ్ ఎంపిక. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది హీట్ రేంజ్ దగ్గర. వేడి ప్లగ్, చల్లని ప్లగ్ అనే పేర్లే మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. వేడి ప్లగ్ అంటే వేడి రవ్వ ఇచ్చేది అనుకుంటారు. రవ్వకూ దీనికీ సంబంధం లేదు. ప్లగ్ మూతి తన వేడిని హెడ్‌కు ఎంత త్వరగా అప్పజెబుతుంది అన్నదే హీట్ రేంజ్. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి చాలా దూరం ప్రయాణించి బయటపడాలి. అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి వెంటనే ఉక్కు ఒంట్లోకి దిగి హెడ్‌లోకి జారుకుంటుంది. అది చల్లని ప్లగ్.

ప్లగ్ మూతికి రెండు హద్దులు ఉన్నాయి. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పడిన మసి తనంతట తాను కాలిపోతుంది. అంతకంటే తక్కువైతే మసి పేరుకుంటుంది. మసి అంటే కార్బన్, కార్బన్ విద్యుత్తును పోనిస్తుంది. ఇక రవ్వ గ్యాప్ దూకాల్సిన పని లేకుండా పింగాణీ మీద నుంచి జారి ఎర్త్‌లోకి పోతుంది. రెండో హద్దు సుమారు 850 డిగ్రీలు. అది దాటితే మూతి నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. రవ్వ కోసం ఆగకుండా మిశ్రమం దాన్ని తాకగానే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే లోపల మంట లేస్తుంది. ఈ ముందస్తు మంట ఇంజిన్‌ను చంపేస్తుంది. హీట్ రేంజ్‌లో ఒక్క మెట్టు మారితే మూతి ఉష్ణోగ్రత సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుందని గుర్తుంచుకోండి.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక టూ స్ట్రోక్ బండి వచ్చింది. మాటిమాటికీ ప్లగ్ నల్లబడి ఆగిపోయేది. నేను తెలివిగా రెండు మెట్లు వేడి ప్లగ్ బిగించాను. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ప్లగ్ పాలపింగాణీలా తెల్లగా ఉంది. యజమాని మెచ్చుకున్నాడు కూడా. ఒకరోజు ఆయన దూరప్రయాణం పెట్టుకుని గంటసేపు పూర్తి వేగంతో పోనిచ్చాడు. బండి తోసుకుంటూ తెచ్చారు. హెడ్ విప్పితే పిస్టన్ నడినెత్తిన వేలు దూరేంత రంధ్రం! అసలు జబ్బు కార్బురేటర్‌లో ఉంది, ఫ్లోట్ మట్టం ఎక్కువై పెట్రోలు అతిగా వస్తోంది. నేను జబ్బును వదిలి మసిని వైద్యం చేశాను. ఆ పిస్టన్‌ను మా గురువుగారు చాలాకాలం షెడ్డులో నా కంటికి ఎదురుగా మేకుకు తగిలించి ఉంచారు.

అంకెలలో ఒక చిక్కు ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన. బాష్, ఛాంపియన్ పద్ధతి తలకిందులు, అంకె పెరిగేకొద్దీ వేడి. ఒక కంపెనీ ప్లగ్ తీసి ఇంకో కంపెనీది వేసేటప్పుడు అంకె చూసి అంకె కలిపితే తప్పు ఖాయం. కంపెనీల సరిపోలిక పట్టిక చూడాల్సిందే.

మిగతా అక్షరాలనూ చదవడం నేర్చుకోండి. ఎన్‌జీకే వారి సీపీఆర్8ఈఏ-9 అనే ప్లగ్ తీసుకుందాం. ‘సీ’ అంటే 10 మిల్లీమీటర్ల మర. ‘డీ’ అయితే 12, ‘బీ’ అయితే 14. ‘పీ’ అంటే పింగాణీ ముక్కు ముందుకు పొడుచుకుని ఉంటుంది. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 8 హీట్ రేంజ్. ‘ఈ’ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, అదే ‘హెచ్’ అయితే 12.7. చివరి 9 గ్యాప్, అంటే 0.9 మిల్లీమీటర్లు. ఈ పొడవు దగ్గర బేరాలు ఆడకండి. పొడుగు ప్లగ్ వేస్తే పిస్టన్ తగిలి ఎలక్ట్రోడ్ వంగిపోవచ్చు, తగలకపోయినా దహనగదిలోకి పొడుచుకొచ్చిన మరలు కాలి ఎర్రబడతాయి. పొట్టి ప్లగ్ వేస్తే ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి, తర్వాత సరైన ప్లగ్ కూడా దిగదు. ‘పీ’ లేనిచోట ‘పీ’ వేయడం కూడా ఇలాంటి సాహసమే.

రెసిస్టర్ గురించి ఒక అపోహ ఉంది. ‘ఐదు వేల ఓమ్‌ల అడ్డు పెట్టి రవ్వను బలహీనం చేస్తున్నారు, తీసేస్తే బండి పరుగెత్తుతుంది’ అంటారు. రవ్వ దూకేముందు తీగలో కరెంటు దాదాపు లేదు, అందుకని రెసిస్టర్ దగ్గర వోల్టేజి తగ్గేదీ దాదాపు లేదు. గ్యాప్‌కు మొత్తం అందుతుంది. రవ్వ దూకిన క్షణంలో లేచే అలజడిని మాత్రం రెసిస్టర్ అణచివేస్తుంది. పూర్వం ఆ అలజడి వల్ల పక్కింటి రేడియో గరగరలాడేది. ఇప్పటి బండిలో ఫ్యూయల్ ఇంజెక్షన్ నడిపే కంప్యూటర్ ఉంది, సెన్సర్లు ఉన్నాయి. అవి ఆ గరగరను సంకేతంగా పొరబడితే బండి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ‘ఆర్’ ఉన్నచోట ‘ఆర్’ ఉన్న ప్లగ్‌నే వేయండి.

ఇప్పుడు ఇరిడియం. అందరూ దీనికోసమే వచ్చారని తెలుసు. ఇరిడియం చాలా గట్టి లోహం, 2400 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మామూలు ప్లగ్‌లో వాడే నికెల్ 1455 డిగ్రీలకే కరుగుతుంది. ఇరిడియం త్వరగా అరగదు కాబట్టి ఎలక్ట్రోడ్‌ను సూదిలా సన్నగా చేయగలిగారు. నికెల్ ఎలక్ట్రోడ్ రెండున్నర మిల్లీమీటర్ల లావు ఉంటే, ఎన్‌జీకే ఇరిడియం 0.6, డెన్సో ఇరిడియం పవర్ 0.4 మిల్లీమీటర్లు. పిడుగు ఎక్కువగా మొనదేలిన చోటునే వెతుక్కుంటుంది కదా, అలాగే మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. అంటే ఇరిడియం అలుగును కిందికి దించుతుంది. పైగా మొదట పుట్టే చిన్న మంట చల్లని లోహానికి తగిలి వేడి పోగొట్టుకోవడం కూడా తగ్గుతుంది. చలిలో తొందరగా స్టార్ట్ కావడం, నిదానంగా నడిచేటప్పుడు ఇంజిన్ నిలకడగా ఉండడం, గ్యాప్ ఎక్కువ కాలం మారకుండా ఉండడం దాని నిజమైన ప్రయోజనాలు. ప్లగ్ అందుకోవాలంటే ట్యాంకు, రేడియేటర్ దించాల్సిన బండ్లకు నేను ఇరిడియమే సిఫారసు చేస్తాను, ఆ శ్రమ ఒక్కసారితో పోతుంది. ప్లగ్ చేతికి అందుతూ, ఏ జబ్బూ లేకుండా నడుస్తున్న బండికి నికెల్ ప్లగ్‌ను సమయానికి మారుస్తూ ఉంటే చాలు. ఇరిడియం వేయగానే బండి రెక్కలు కట్టుకుందని ఎవరైనా చెబితే, తీసేసిన పాత ప్లగ్ ఎన్ని వేల కిలోమీటర్లు నడిచిందో అడగండి. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్ తీసి కొత్త నికెల్ వేసినా అదే ఆనందం కలిగేది.

గండి పడిన గట్టుకు ఇరిడియం వేస్తే ఏమవుతుంది? అలుగు దిగుతుంది, నీరు గండి దాకా లేవదు, బండి బాగైపోయినట్టు ఉంటుంది! కొన్నాళ్లు. గండి మాత్రం అక్కడే ఉంటుంది. ఇది నన్ను చాలాసార్లు మోసం చేసింది.

రెండు, మూడు, నాలుగు ఎర్త్ ఎలక్ట్రోడ్ల ప్లగ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. రవ్వ ఒకసారికి ఒక్కదానికే దూకుతుంది, నాలుగింటికీ దూకదు. అరుగుదల నలుగురూ పంచుకుంటారు కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. ప్లగ్ కింద వాషర్లు పెట్టి ఎలక్ట్రోడ్‌ను ఫలానా వాల్వు వైపు తిప్పడం పోటీ బండ్లవాళ్ల పని. మనకు అక్కర్లేదు.

ఇగ్నిషన్ వ్యవస్థల చరిత్రను కొద్దిగా తడుముతాను. విద్యుత్తు రవ్వతో ఇంజిన్ నడపడం 1860లో ఎటియన్ లెన్వా గ్యాస్ ఇంజిన్ నాటికే ఉంది. 1902లో బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోనూ (బ్యాటరీ లేకుండా అయస్కాంతంతో కరెంటు పుట్టించే పరికరం), దానికి సరిపోయే ప్లగ్‌నూ తయారు చేశాక అది నమ్మదగిన పనిముట్టు అయింది. తర్వాత బ్యాటరీ, కాయిల్, పాయింట్లు రాజ్యం ఏలాయి. పాయింట్లు అంటే మన పెద్దవాళ్లకు తెలుసు, రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి తెరుచుకున్న క్షణాన కాయిల్‌లో కరెంటు తెగి రవ్వ పుడుతుంది. అవి కాలుతాయి, గుంటలు పడతాయి, వాటి మడమ అరిగేకొద్దీ టైమింగ్ జరిగిపోతుంది. 1969లో కవాసాకి హెచ్1 అనే మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ బండి సీడీఐతో వచ్చింది. టూ స్ట్రోక్‌కు అది సరైన జోడీ. సీడీఐలో ఒక కెపాసిటర్‌ను దాదాపు మూడు వందల వోల్టులకు నింపి, ఒక్కసారిగా కాయిల్‌లోకి కుమ్మరిస్తారు. వోల్టేజి ఎంత వేగంగా లేస్తుందంటే, మసి పట్టిన పింగాణీ మీద నుంచి జారిపోవడానికి దానికి తీరిక దొరకదు. కానీ ఆ రవ్వ ఆయుష్షు చాలా తక్కువ. ట్రాన్సిస్టర్‌తో కాయిల్‌ను నేరుగా నడిపే పద్ధతిలో రవ్వ ఒకటి రెండు మిల్లీసెకన్లు నిలుస్తుంది. పెట్రోలు పలచగా కలిసిన మిశ్రమానికి ఆ నిలకడ కావాలి. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో పద్ధతే.

ఇది ఎందుకు చెప్పానంటే, సీడీఐ కాయిల్, ట్రాన్సిస్టర్ పద్ధతి కాయిల్ చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ ఒకదాని బదులు ఒకటి పనికిరావు. సీడీఐ కాయిల్ ప్రైమరీ చుట్టకు, అంటే కరెంటు లోపలికి వెళ్లే చుట్టకు, నిరోధం చాలా తక్కువ. దాన్ని ట్రాన్సిస్టర్ పద్ధతికి తగిలిస్తే కరెంటు అతిగా లాగి ఆ పెట్టెను కాల్చేస్తుంది. బల్ల మీది డబ్బా తెరిచినా తెరవకపోయినా, మీటరుతో పాత కాయిల్ ప్రైమరీ ఎన్ని ఓమ్‌లు, కొత్తది ఎన్ని ఓమ్‌లు అని కొలిచి చూడకుండా బిగించకూడదు.

మరి నిజంగా పనికొచ్చే మెరుగుదలలు లేవా? ఉన్నాయి. పాయింట్లతో నడిచే పాత బండి మీ దగ్గర ఉంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించండి, దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. టైమింగ్ నిలబడుతుంది, నెలకోసారి ఫీలర్ గేజ్ పట్టుకుని పాయింట్ల మధ్య ఖాళీ కొలిచే పని తప్పుతుంది. ఇంకొకటి ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మనిది. బ్యాటరీతో నడిచే పాత బండ్లలో కాయిల్‌కు వెళ్లే కరెంటు తాళం స్విచ్చి, కిల్ స్విచ్చి, నాలుగైదు కనెక్టర్లు దాటుకుని వెళ్తుంది. ప్రతి మజిలీలో కొంత పోతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, కాయిల్ దగ్గర పదకొండు కంటే తక్కువ! ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కాయిల్‌లో కరెంటు పారుతుండగా రెండుచోట్లా మీటరు పెట్టి చూడండి. తేడా ఒక వోల్టు దాటితే ఆ కనెక్టర్లు శుభ్రం చేయండి, లేదా ఒక రిలే పెట్టి కాయిల్‌కు బ్యాటరీ నుంచి నేరుగా దారి ఇవ్వండి. పాత కాయిలే కొత్తదానిలా పనిచేస్తుంది. ఇంజిన్ ఎర్త్ తీగ తుప్పు పట్టిందేమో చూడడం కూడా ఇందులో భాగమే.

సరే, మీ ప్రశ్నలు. చెప్పండి.

(వేగ పరిమితి లేని సీడీఐ పెట్టవచ్చా అని ఒకరు అడిగారు.)

పెట్టవచ్చు, ఇంజిన్ మీద కోపం ఉంటే. (నవ్వులు) ఆ పరిమితి పెట్టింది రవ్వ కోసం కాదు, వాల్వు స్ప్రింగుల కోసం, కనెక్టింగ్ రాడ్ కోసం. వేగం హద్దు మీరితే స్ప్రింగు వాల్వును సమయానికి మూయలేదు. పిస్టన్ వచ్చి దాన్ని కలుసుకుంటుంది. పైగా అలాంటి పెట్టెల్లో కొన్ని అడ్వాన్స్‌ను కూడా మార్చేస్తాయి. అడ్వాన్స్ అతిగా పెరిగితే ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది. సైలెన్సర్, గాలి దారి, ఇంధనం అన్నీ మార్చి, డైనో అనే శక్తి కొలిచే యంత్రం మీద చూసి టైమింగ్ సరిచేసుకునే వారికి మార్చుకోగల సీడీఐ మంచి పనిముట్టు. మిగతావారికి అక్కర్లేదు.

(ప్లగ్ రంగు చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పవచ్చా?)

కొంతవరకు. లేత గోధుమ, బూడిద రంగు అయితే నిశ్చింత. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ప్లగ్ మరీ చల్లన, లేదా బండి ఎప్పుడూ రెండు వీధులు దాటదు. తడిగా నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పొక్కులు లేచి ఉంటే, లోహం కరిగిన గుండ్లు కనబడితే బండిని వెంటనే ఆపండి. నిదానంగా నడిపి, ఇంటి ముందు ఐదు నిమిషాలు ఊరికే నడవనిచ్చి ఆ తర్వాత ప్లగ్ విప్పితే అది చెప్పేది ఆ ఐదు నిమిషాల కథే. ఇంకొకటి. బయటి తెల్లని పింగాణీ మీద, ఉక్కును కలిసేచోట గోధుమరంగు మరక చూసి లోపలి నుంచి గ్యాస్ లీకవుతోందని ప్లగ్ పారేస్తారు. అది లీకు కాదు. అధిక వోల్టేజి చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రం గాలిలోని నూనె తుంపరలను లాక్కుని అతికించుకుంటుంది. దాన్ని కరోనా మరక అంటారు, హాని లేదు.

(ఇరిడియం ప్లగ్‌ను వైరు బ్రష్‌తో శుభ్రం చేయవచ్చా, గ్యాప్ సరిచేయవచ్చా?)

బ్రష్ వద్దు. సన్నని మొన విరిగిపోతుంది. గ్యాప్ చూడాలంటే తీగ గేజ్ వాడండి. మొనకు తగలకుండా పై ఎలక్ట్రోడ్‌ను మాత్రమే వెంట్రుకవాసి కదపండి. నాణెంలా ఉండే గేజ్‌ను మధ్యలో దూర్చి తిప్పితే ప్లగ్ అక్కడితో సరి.

ఇక చాలు, చూద్దాం. (ఇంజిన్ మీద చెయ్యి పెట్టి) ఆ, చల్లారింది. దగ్గరికి రండి, వెలుతురుకు అడ్డం నిలబడకండి. ముందు ప్లగ్ చుట్టూ గాలి కొట్టండి. ఇసుక రేణువు లోపల పడితే సిలిండర్ గోడకు గీత పడుతుంది. కొత్తది బిగించేటప్పుడు పానాతో మొదలుపెట్టకండి, వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లకు దిగకపోతే మర వంకరగా పడిందని అర్థం. వేళ్లతో బిగిశాక కొత్త వాషర్ అయితే పానాతో సగం చుట్టు, వాడిన వాషర్ అయితే గడియారంలో ఒక గంట దూరమంత. టార్క్ పానా ఉన్నవారు 10 మిల్లీమీటర్ల మరకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లకు 15 నుంచి 20, 14 మిల్లీమీటర్లకు 25 నుంచి 30 పెట్టుకోండి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ముందు క్యాప్ లాగుతున్నాను. తీగ పట్టి కాదు, క్యాప్ పట్టి లాగాలి. వచ్చింది. ఇక్కడ చూడండి, క్యాప్ లోపలి గోడ మీద బూడిదరంగు గీత ఒకటి వెంట్రుకలా పాకింది. రవ్వ నడిచిన దారి అది. ఇప్పుడు క్యాప్‌ను తీగ నుంచి మర విప్పినట్టు విప్పుతున్నాను. తీగ కొన కనబడుతోందా? రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. మీటరు ఇవ్వండి. క్యాప్ ఐదు వేల ఓమ్‌లు చూపాలి. ఏమి చూపిస్తోంది, గట్టిగా చదవండి. ఇరవై మూడు వేలు.

ఆ రెండు డబ్బాలనూ యజమానికి తిరిగి ఇచ్చేయండి. తీగ పొడవు ఇంకా మిగిలే ఉంది కాబట్టి చిలుము పట్టినంత మేర, ఒక సెంటీమీటరు కత్తిరిద్దాం. మెరిసే రాగి కనబడ్డాక కొత్త క్యాప్ బిగిద్దాం. కటింగ్ ప్లయర్ ఇటు అందించండి.